నల్లరేగడిలో సిమెంటు ఇటుకల గోడ: నా అనుభవం

మాది పల్నాడు జిల్లా, నరసరావుపేటకి దగ్గర పల్లె. నేలంతా నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఇంతకన్నా మంచి నేల ఉండదు కానీ గోడలకి మాత్రం ఇది పడదు. వానాకాలంలో నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. ఏటా లేచి దిగే నేల మీద కట్టిన గోడ దానితోపాటే కదలక తప్పదు. మా ఊళ్ళో చాలా ప్రహరీల మీద మెట్లుమెట్లుగా పాకిన పగుళ్ళు కనిపించేది అందుకే.

మా పెరటికి పడమరగా డొంక ఉంది. అటువైపు ఇన్నాళ్ళూ ముళ్ళకంప కంచే ఉండేది. ఏటా కంప మార్చడం, సందు దొరికితే చాలు పశువులు లోపలికొచ్చి మునగచెట్టు, కూరపాదులు పాడుచెయ్యడం చూసి విసిగిపోయి, 42 అడుగుల పొడవున సిమెంటు ఇటుకల గోడ కట్టాలనుకున్నాం. కాంట్రాక్టుకి ఇవ్వకుండా మేమే కట్టుకుందామని నేను పట్టుబట్టాను. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను, మా ఆయన వ్యవసాయం చేస్తారు. గోడ పని ఇద్దరికీ కొత్తే. మా వీధిలోనే ఉండే మేస్త్రీ బాబాయ్ వయసు పైబడి పెద్ద పనులు మానుకున్నారు. అడిగితే, "మాలు మీరు కలపండి, ఇటుక మీరు అందించండి. పేర్చేది నేను చూసుకుంటా. నేర్చుకుంటానంటే నేర్పుతా అమ్మాయ్" అన్నారు. మాలంటే ఇటుకల మధ్య పరిచే సిమెంటు, ఇసుక, నీళ్ళ కలుపు. అలా మొదలైంది.

మొదటే ఒక మాట చెప్పాలి. సిమెంటు ఇటుకల గోడంటే సిమెంటు ఎంత, ఇనుము ఎంత అనే లెక్కలే ముఖ్యమని నేను అనుకునేదాన్ని. పని చేస్తూ పోయే కొద్దీ తెలిసింది ఏమిటంటే, మేం తీసుకున్న ప్రతి నిర్ణయమూ నీళ్ళ గురించే. ఎక్కడ నీళ్ళు పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, వచ్చిన నీళ్ళని ఎటు పంపాలి. ఈ మూడూ కుదిరితే గోడ నిలుస్తుంది.

ఇటుకలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ తొందరపడతారు. మేం తీసుకున్నది 16 అంగుళాల పొడవు, 8 ఎత్తు, 6 మందం ఉన్న సాలిడ్ బ్లాకు. ఒక్కోటి పాతిక కిలోలకి తక్కువ ఉండదు. బ్లాకుల యార్డుకి వెళ్ళి చూస్తే ముందు వరుసల్లో ఉన్నవి ఇంకా ముదురు రంగులో, చెయ్యి పెడితే చల్లగా తగిలాయి. అంటే పోసి ఎన్నో రోజులు కాలేదు. ఈ బ్లాకుల మీద భారత ప్రమాణం ఒకటుంది, ఐ.ఎస్. 2185. దాని ప్రకారం బ్లాకుని కనీసం 14 రోజులు తడిలో ఉంచాలి, ఆ తర్వాత నాలుగు వారాలు ఆరనివ్వాలి. ఆరేటప్పుడు సిమెంటు బ్లాకు కొంచెం కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకునేదేదో యార్డులోనో పెరట్లోనో అయిపోవాలి. గోడలోకి ఎక్కాక కుంచించుకుంటే అతుకుల దగ్గర నిలువునా చీలుతుంది. కంటికి ఇంత గట్టి రాయి కుంచించుకోవడమేమిటని మా మామయ్య గారు నమ్మలేదు కానీ, కొత్త గోడల మీద నిలువు చీలికల్లో చాలా భాగం ఇలా వచ్చేవే.

మేం మార్గశిరంలో బ్లాకులు కొన్నాం. పుష్యం శూన్యమాసం, అందులో పని మొదలుపెట్టడానికి వీల్లేదన్నారు మామయ్య గారు. నాకు అది బాగా కలిసొచ్చింది. ఆ నెలంతా బ్లాకులు పెరట్లో చెక్కల మీద, మధ్య మధ్య గాలి ఆడేలా పేర్చి, పైన టార్పాలిన్ కప్పి ఉంచాం. మంచు పడకుండా రాత్రి కప్పేవాళ్ళం, పొద్దెక్కాక తీసేవాళ్ళం. మాఘం వచ్చేసరికి అన్నీ ఒకే లేత బూడిద రంగుకి తిరిగాయి. రెండు బ్లాకుల్ని ఒకదానికొకటి తాకిస్తే ఖంగుమని మోగాయి. మేకుతో గీస్తే గీత పడిందే గానీ పొడి రాలలేదు. కొనేటప్పుడే ఈ రెండు పరీక్షలూ చేసి, అంచులు రాలేవి పక్కన పెట్టేశాం.

ఎన్ని కావాలన్నది లెక్క. చాలామంది చదరపు అడుగుల్లో వేస్తారు, 100 చదరపు అడుగులకి సుమారు 112 అని. నేను ఇంకో దారిలో వెళ్ళాను. ముందు బ్లాకు కొలత చూసి, దాన్ని బట్టి పిల్లర్ల మధ్య దూరం పెట్టాను. 16 అంగుళాల బ్లాకులు ఏడు, వాటి మధ్యా చివర్లా అతుకులు కలిపి 115 అంగుళాలు. పిల్లరు 9 అంగుళాలు. ఐదు పిల్లర్లు, నాలుగు ఖాళీలు. మొత్తం 505 అంగుళాలు, అంటే 42 అడుగుల ఒక అంగుళం. మా జాగాకి అచ్చంగా సరిపోయింది. దీనివల్ల వరస చివర ముక్కలు కొట్టి అతికించే పని తప్పింది. ఒక వరస విడిచి ఒక వరసలో రెండు సగం బ్లాకులు మాత్రమే కావాలి. ఏడు వరసలకి 196 బ్లాకులు. విరిగేవాటికి కొన్ని కలిపి 210 తెప్పించాం. చివరికి చాలా కొద్దిగా మిగిలాయి. పిల్లర్లు సరిగ్గా పదేసి అడుగులకి వెయ్యాలని పట్టుబడితే ప్రతి వరసలోనూ బ్లాకు కొయ్యాల్సి వచ్చేది.

హద్దు విషయం కూడా చెప్పాలి. పిల్లరు కింద వేసే పునాది 3 అడుగుల చదరం. పిల్లరు సరిగ్గా హద్దు మీద నిలబెడితే పునాదిలో సగం డొంకలోకి పోతుంది. అది పంచాయతీ జాగా. అందుకని గోడని అడుగున్నర లోపలికి జరిపాం. అంత జాగా బయట వదిలెయ్యడం మామయ్య గారికి కష్టంగా అనిపించింది. కానీ ఆ అడుగున్నర మనదే, రేపు బయటివైపు గిలాబా (ప్లాస్టరింగు) చెయ్యాలన్నా, గోడ పక్కన నిలిచిన నీళ్ళు తియ్యాలన్నా మనిషి నిలబడడానికి చోటు కావాలి కదా. హద్దు రాళ్ళు చూపించి, పంచాయతీలో కాగితం పెట్టాకే పనిలో దిగాం.

ముగ్గు పోసే రోజు పొద్దున్నే మామయ్య గారు కొబ్బరికాయ కొట్టారు. పక్క కంచెకి గోడ మూలమట్టంగా ఉందో లేదో 6, 8, 10 అడుగుల కొలతతో చూసుకున్నాం. ఒక పక్క 6, ఇంకో పక్క 8 కొలిచి గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య 10 రావాలి. ఇది క్లాసులో నేను ఏటా చెప్పే పాఠమే. పెరట్లో మేకులు పాతి, దారం లాగి చూస్తుంటే నాకు కలిగిన సంతోషం వేరు. మేస్త్రీ బాబాయ్ ఆ లెక్కని ఎప్పటినుంచో వాడుతున్నారు, ఆయనకి పైథాగరస్ పేరుతో పని లేదు.

ఇక నేల. నల్లరేగడిలో గోడ పొడవునా కాలువ తవ్వి రాయి పేర్చుకుంటూ పోతే, ఆ రాయి మొత్తం ఉబ్బే మట్టి మీదే కూర్చుంటుంది. దానికి బదులు బరువంతా పిల్లర్ల మీదకి తెచ్చి, ఆ పిల్లర్లని నల్లమట్టి దాటి కిందున్న గట్టి నేలలో నిలపాలి. మా పెరట్లో నాలుగడుగులు దాటాక తెల్లటి సుద్ద కలిసిన గట్టి నేల తగిలింది. పలుగు వేస్తే మోత మారిపోయింది. "ఇదీ నేలంటే" అని బాబాయ్ అక్కడ ఆపమన్నారు. ఐదు గుంతలూ అంతవరకూ దించాం. అడుగున కంకర బెడ్డు, దాని మీద 10 ఎంఎం రాడ్ల జాలీ, అందులోంచి లేచే నాలుగు 12 ఎంఎం రాడ్లకి రింగులు. ఇనుప పని మేం చెయ్యలేదు, రాడ్ల మేస్త్రీ వచ్చి కట్టి వెళ్ళారు.

నేలమట్టానికి పిల్లర్లని కలుపుతూ బీము వెయ్యాలి. 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు. గోడ నిలబడేది దీని మీదే. ఇక్కడే అసలు కిటుకు ఉంది. బీము అడుగు భాగం మట్టిని తాకకూడదు. తాకితే వానాకాలంలో ఉబ్బిన మట్టి దాన్ని కింది నుంచి పైకి ఎత్తుతుంది. అందుకని బీము కింద మూడు అంగుళాల మందాన ఇసుక పరిచి, దాని మీద ప్లాస్టిక్ షీటు వేసి కాంక్రీటు పోశాం. బీము గట్టిపడ్డాక పక్కల నుంచి ఇసుక లాగేశాం. కింద ఖాళీ మిగిలింది. మళ్ళీ మట్టి జారి ఆ ఖాళీ పూడకుండా రెండు పక్కలా మాచర్ల నాపరాళ్ళ ముక్కలు నిలబెట్టాం. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బాలి.

కాంక్రీటులో నీళ్ళు ఎక్కువైతే పని తేలిగ్గా ఉంటుంది, పోస్తే జారుతుంది, అందరికీ ఇష్టం. కానీ ఎక్కువైన నీళ్ళు ఆవిరై పోయాక ఆ చోటంతా బోలు సందులై మిగిలిపోతుంది. 50 కిలోల బస్తాకి పాతిక లీటర్లు దాటనివ్వకూడదని నేను బకెట్టు మీద గీత గీసి పెట్టుకున్నాను. కలిపేవాళ్ళు "ఇంకొంచెం పొయ్యండి మేడం" అంటూనే ఉన్నారు. పొయ్యలేదు. దానికి బదులు రాడ్డుతో బాగా కూరి, సందులు లేకుండా దిగేలా చేశాం.

కొలతకి మా ఆయన ఒక చెక్క పెట్టె చేశారు. లోపలి కొలత పొడవు అడుగు, వెడల్పు అడుగు, ఎత్తు 15 అంగుళాలు. అంటే అందులో ఒకటింబావు ఘనపు అడుగులు పడుతుంది, దాదాపు ఒక బస్తా సిమెంటుకి సమానం. తట్టలతో కొలిస్తే ఒక తట్ట నిండుగా, ఒక తట్ట వెలితిగా పడుతుంది. ఈ పెట్టెతో ఆ గొడవ లేదు. పిల్లర్లకీ బీముకీ ఒకటి సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. కట్టుబడి మాలుకి ఒకటికి ఆరు, అంటే ఒకటి సిమెంటు, ఆరు ఇసుక.

ఆరు పెట్టెల ఇసుక అన్నా కూడా అది ఎప్పుడూ ఒకే ఇసుక కాదు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. కొంచెం తడిగా ఉన్న ఇసుకలో రేణువుల చుట్టూ నీటి పొర పట్టి, ఒకదాన్నొకటి దూరంగా నెడతాయి. పొడి ఇసుక కంటే పాతిక శాతం వరకూ ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గాజు గ్లాసులో తడి ఇసుక సగానికి పోసి, గుర్తు పెట్టి, దాన్ని పూర్తిగా నీళ్ళలో ముంచి కలిపి తేరనిస్తే మట్టం దిగిపోతుంది. ఎంత దిగిందో అంత ఉబ్బు ఉన్నట్టు. మాకు వచ్చిన కృష్ణ ఇసుక తడిగానే వచ్చింది, గ్లాసులో బాగా దిగింది. దాన్ని బట్టి ప్రతి కలుపుకీ పెట్టెకి పైన ఇంకా కొంత వేసుకున్నాం. ఇసుకలో బురద ఎంతుందో తెలుసుకోవడానికి ఉప్పు నీళ్ళ సీసాలో కలిపి కదలకుండా వదిలేస్తే, పైన మెత్తటి మట్టి పొరగా పేరుకుంటుంది. ఆ పొర పన్నెండో వంతు దాటితే ఆ ఇసుక వద్దనుకోవడం మంచిది.

మాలు బ్లాకు కన్నా గట్టిగా ఉండకూడదన్నది బాబాయ్ దగ్గర విన్న మాటే, పుస్తకంలోనూ చూశాను. మాలు గట్టిదైతే, గోడ కదిలినప్పుడు బ్లాకే మధ్యలో పగులుతుంది. ఒకటికి ఆరు మాలు అయితే ఆ చీలిక అతుకులోనే సన్నగా వస్తుంది, పూడ్చుకోవచ్చు. సిమెంటు ఎక్కువ వేస్తే గోడ బలం అనుకునేవాళ్ళందరికీ ఇది చెప్పాలనిపిస్తుంది.

బ్లాకు తడిపే విషయంలో మాత్రం బాబాయ్‌కీ నాకూ వాదన జరిగింది. ఆయన జీవితమంతా ఎర్ర ఇటుకతో కట్టారు. ఎర్ర ఇటుకని తొట్టిలో నానబెట్టకపోతే అది మాలులోని నీళ్ళు పీల్చేసి అతుకుని పొడి చేసేస్తుంది. ఆ అలవాటుతో ఆయన వస్తూనే పైపు తీసుకుని బ్లాకుల కుప్ప మీద నీళ్ళు పట్టబోయారు.

"వద్దు బాబాయ్, నెల రోజులు ఆరబెట్టినవి" అన్నాను.

"ఇటుక తడపకుండా కట్టిన గోడ నేను చూళ్ళేదమ్మాయ్. మాలు పట్టుకోదు."

ఐ.ఎస్. 2572 అని బ్లాకుల కట్టుబడికి ఉన్న ప్రమాణంలో, కట్టే ముందు బ్లాకులు తడపనక్కర్లేదని, వాతావరణాన్ని బట్టి అవసరమైతే పై ముఖం, పక్కలు మాత్రం కొంచెం తడి చెయ్యవచ్చని ఉంది. ఆ పేజీ ఆయనకి చదివి వినిపించాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు, కొట్టిపారెయ్యలేదు కూడా. "ఒక వరస నీ మాట మీద కడదాం" అన్నారు. చీపురు నీళ్ళలో ముంచి పై ముఖం మీద ఒకసారి విదిలించి, మాలు వేసి, బ్లాకు పెట్టి తాపీ పిడితో తట్టారు. కాసేపాగి బ్లాకుని కదిపి చూశారు. పట్టుకుంది. బ్లాకుని ఎత్తి అడుగున చూస్తే మాలు సమానంగా అంటి ఉంది. ఇంక పైపు ఊసెత్తలేదు. ఒక్క పేజీ విని, చేతిలో ఇన్నేళ్ళుగా ఉన్న అలవాటుని పక్కన పెట్టి పరీక్షించి చూసిన ఆయన మీద నాకు గౌరవం ఎంతో పెరిగింది.

కట్టుబడి నైరుతి మూల నుంచి మొదలైంది. మొదటి వరసకి పట్టినంత సమయం మరే వరసకీ పట్టలేదు. సన్నటి పారదర్శకమైన పైపులో గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఈ కొస నుంచి ఆ కొసకి మట్టం తీశాం. బీము ఒక చివర కొద్దిగా పల్లంగా ఉంటే మాలు మందంలో సర్దేశారు బాబాయ్. పిల్లర్ల మధ్య ప్రతి ఖాళీకీ రెండు చివర్లా ఒక్కో బ్లాకు పెట్టి, వాటి మధ్య దారం లాగి, ఆ దారానికి తాకీ తాకనట్టు మిగిలినవి పేర్చడమే. మాలు గారెల పిండిలా ఉండాలన్నారు ఆయన. పలచనైతే బరువైన బ్లాకు దాన్ని నొక్కేసి కిందికి దిగిపోతుంది, అతుకు మందం చెడిపోతుంది. అడ్డం అతుకుల కంటే నిలువు అతుకుల్లో మాలు నింపడం కష్టం. చాలామంది అంచుకి పూసి వదిలేస్తారు. బ్లాకు నిలబెట్టి తలభాగానికి పూర్తిగా మాలు పట్టించి, అప్పుడు ఎత్తి పెట్టడం నేర్పారు నాకు. నాలుగో వరస నుంచి నేను కూడా పేర్చాను. ఎత్తడానికి మా ఆయన సాయం పట్టేవారు.

కలిపిన మాలు గంటలోపు అయిపోవాలి. బిరుసెక్కిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలపడం చాలా చోట్ల చూస్తాం. అప్పటికే సిమెంటు పట్టడం మొదలైపోయి ఉంటుంది, నీళ్ళు పోస్తే ఆ పట్టు విరిగిపోతుంది. అందుకే సగం పెట్టె సిమెంటుతో చిన్న చిన్నగా కలుపుకున్నాం. రోజుకి నాలుగు వరసలకి మించి లేపలేదు. పచ్చి మాలు మీద అంతకన్నా బరువు పెడితే గోడ పక్కకి ఒరుగుతుంది. ప్రతి రెండో వరసలో 6 ఎంఎం రాడ్డు ముక్క ఒకటి మాలులో పొదిగి, దాని కొక్కేన్ని పిల్లరు రాడ్లకి తగిలించాం. పిల్లర్లని గోడ లేచాక పోశాం. రెండు పక్కలా బ్లాకులే అడ్డు కాబట్టి ముందూ వెనకా చెక్కలు బిగిస్తే సరిపోయింది. గోడా పిల్లరూ ఒకదాన్నొకటి బాగా పట్టుకున్నాయి.

నీళ్ళు పట్టడం గురించి అందరూ అడుగుతారు. కట్టే ముందు బ్లాకు తడపొద్దు, కట్టాక అతుకు ఆరనివ్వొద్దు. రెండూ నిజమే. పిల్లర్లకీ బీముకీ గోనె సంచులు చుట్టి పది రోజులు తడి ఆరకుండా చూశాం. గోడకి మాత్రం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్ప్రేయరుతో అతుకుల మీద తుంపరగా కొట్టాం. మిరప తోటకి మందు కొట్టే స్ప్రేయరుని ముందుగా బాగా కడిగి వాడాం. మాఘమాసపు ఎండ ఇంకా తేలిగ్గానే ఉంది కాబట్టి ఈ పని సుఖంగా సాగింది. ఇదే పని చైత్రంలో అయితే మా బోరు సరిపోయేది కాదు.

వచ్చే నీళ్ళ మాట మిగిలింది. మా పెరడు ఇంటి నుంచి డొంక వైపుకి వాలు. కంచె ఉన్నంతకాలం వాన నీళ్ళు కంపలోంచి బయటికి పోయేవి. ఇప్పుడు బీమూ గోడా అడ్డం. నీళ్ళు గోడ మొదట్లో నిలిస్తే నల్లమట్టి ఒకవైపే నాని ఉబ్బుతుంది, అది అన్నిటికన్నా చెడ్డది. అందుకని పిల్లర్ల మధ్య ప్రతి ఖాళీలోనూ బీము మీదుగా, మొదటి వరసలో 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క ఒకటి బయటికి వాలుగా పెట్టాం. లోపలివైపు ఎలుకలు దూరకుండా జాలీ బిగించాం. గోడ మొదట్లో రెండడుగుల మేర నల్లమట్టి తీసి గరప (కంకర కలిసిన మట్టి) పోసి, దిమ్మిస కొట్టాం. అక్కడ మొక్కలు వెయ్యొద్దని అత్తయ్య గారికి చెప్పడం కొంచెం కష్టమైంది. ఆమెకి గోడ వెంబడి దొండపాదు పెట్టాలని ఉంది. పాదుకి రోజూ పోసే నీళ్ళు నేరుగా పునాది కిందికే పోతాయని చెప్పి, నాలుగడుగుల ఇవతల పందిరి వేసి ఇచ్చాం.

పైన రెండు అంగుళాల మందాన కాంక్రీటు కప్పు వేసి, దాన్ని బయటికి వాలుగా నున్నగా రుద్దాం. గిలాబా మాత్రం అప్పుడే చెయ్యలేదు. గోడ మొత్తంగా ఆరి, ఇంకా ఏమైనా కుంచించుకోవాల్సి ఉంటే కుంచించుకునే వరకూ ఆగాం. ఎండాకాలమంతా బూడిద రంగులో మొండిగా నిలబడింది. వచ్చినవాళ్ళు డబ్బులు అయిపోయాయా అని అడిగారు. తొలకరి పడి, నెర్రెలు మూసుకుని, మట్టి బాగా ఉబ్బాక గుండు వేలాడదీసి ఐదు పిల్లర్ల దగ్గరా చూశాను. నిలువు ఎక్కడా తప్పలేదు. అతుకుల వెంట టార్చి వేసి వెతికితే ఉత్తరం కొసన ఒక నిలువు అతుకులో మాత్రం వెంట్రుకంత గీత కనిపించింది. అదీ మాలులోనే ఉంది, బ్లాకు మీదకి పాకలేదు. పెన్సిలుతో గీత రెండు చివర్లా గుర్తు పెట్టి తేదీ రాశాను. వానాకాలం పూర్తయ్యేదాకా అది పెన్సిలు గుర్తు దాటలేదు.

బయటివైపు గిలాబా కార్తీకంలో చేశాం, ఒకటికి ఆరు మాలుతోనే, అరంగుళం మందాన. దక్షిణం వైపు ఇంకా కంచే ఉంది. దానికి పొడవు కొలిచి, పిల్లర్ల మధ్య దూరం బ్లాకు లెక్కన మళ్ళీ వేసుకున్నాను. ఈసారీ బ్లాకులు మార్గశిరంలోనే తెస్తాం. బాబాయ్ కూడా ఒప్పుకున్నారు. యార్డు వాళ్ళకి ఆయనే ఫోను చేసి, "పోసి నెల దాటినవే పంపండి, పచ్చివి దించుకోం" అని చెప్పారు.